గోడమీది అమ్మ

"చూడు. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూడు. నీ ముఖమేనా, కాదా?"

భోజనాల బల్లమీద తడికాగితం పరిచి ఉంది. పొద్దున్నే గోడమీంచి నిలువునా ఊడబీక్కొచ్చింది కూతురు. ఒక మూల చిరిగిపోయింది. వెనకవైపు జిగురు ఇంకా ఆరలేదు. బల్లమీది గుడ్డ పాడైపోతుందే అన్న మాట తల్లికి నోటిచివరిదాకా వచ్చింది. మింగేసింది.

ముఖం తనదే. తలుపంత ముఖం. కళ్ళు కిందికి వాలి ఉన్నాయి, పెదవులు సగం విడివడి ఉన్నాయి. దానికింద పెద్ద అక్షరాల్లో, "రెండు రోజులు ఏడ్చాను." ఇంకా కింద, కొంచెం చిన్నగా, "ఇంకో తల్లిని ఏడిపించకండి. 'వద్దు' అనండి."

"ఇది మూడోది," అంది కూతురు. "మొదటిది బస్టాపులో. రెండోది నీ షాపుకెదురుగా. ఇదెక్కడ అంటించారో తెలుసా? నేను ఈత నేర్పే కొలను గేటు పక్కన. పిల్లలు లోపలికొచ్చే గేటు."

ఇంకో పదహారు రోజుల్లో దేశమంతా ఓటెయ్యాలి. ఆడది ఆడదాన్ని, మగవాడు మగవాణ్ణి చట్టప్రకారం పెళ్ళి చేసుకోవచ్చా అన్నది ప్రశ్న. ఓటు చీటీమీద ఉండేవి రెండే మాటలు: కావాలి, వద్దు. కూతురు కోరిందని, 'కావాలి' అనేవాళ్ళ కెమెరా ముందు కూర్చుని రెండు గంటలు మాట్లాడింది తల్లి. దాచుకోకుండా మాట్లాడింది. వాళ్ళు దాన్ని ఒక్క ముక్క తియ్యకుండా అందరికీ కనబడేలా పెట్టారు. అందులోంచి పదకొండు సెకన్లు 'వద్దు' అనేవాళ్ళు కోసుకుపోయారు.

"రెండు గంటలు మాట్లాడావే అమ్మా! ఆ ఒక్క మాట అనకపోతే ఏం పోయింది?"

"అడిగారే. మీ అమ్మాయి ఇంకో అమ్మాయిని ప్రేమించానని చెప్పినప్పుడు మీరేం చేశారని అడిగారు. ఏడ్చానన్నాను. మూడోరోజు లేచి మొహం కడుక్కుని మీ ఇద్దర్నీ భోజనానికి పిలిచానని కూడా అన్నాను. ఆ పిల్ల డ్యూటీ నుంచి ఆకలిమీద వచ్చి మూడుసార్లు అడిగి వడ్డించుకుందనీ, అది చూశాక నా మనసు కుదుటపడిందనీ, అన్నీ చెప్పాను. నువ్వూ విన్నావుగా?"

"నేను విన్నానమ్మా. గోడమీద లేదుగా."

తల్లి బల్లకేసి చూసింది. బల్లమీది ముఖం ఆవిడకేసి చూడకుండా నేలచూపులు చూస్తోంది.

"నిన్న ఇద్దరు తల్లిదండ్రులొచ్చి 'మా పిల్లల్ని వేరే టీచరు దగ్గర వెయ్యండి' అన్నారు. ఎందుకని మేనేజరు అడిగితే ఏమన్నారో తెలుసా? 'మాకేం లేదండీ, ఆ అమ్మాయి మంచిదే. కానీ కన్నతల్లే ఏడ్చిందట కదా' అన్నారు. మూడు నెలలు పట్టి వాళ్ళలో ఒక పిల్లాడికి నీళ్ళంటే భయం పోగొట్టాను నేను. నిన్న మొదటిసారి చెయ్యి వదిలేసి తేలాడు. ఇవాళ్టి నుంచి రాడు."

తండ్రి తలుపు దగ్గర పనిముట్ల సంచీ సర్దుకుంటున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇంట్లో ఏ రభస జరిగినా ఆయన చేతిలో స్క్రూడ్రైవరో పానానో ఉంటుంది. ఇప్పుడూ ఉంది. దాన్ని గుడ్డతో తుడుస్తూ, ఎవరికేసీ చూడకుండా అన్నాడు:

"అబద్ధమేం రాయలేదుగా వాళ్ళు."

కూతురు గిర్రున ఆయనవైపు తిరిగింది.

"ఏమన్నావు నాన్నా?"

"అబద్ధం రాస్తే తిట్టొచ్చు. కోర్టుకెళ్ళొచ్చు. అన్న మాటే రాస్తే ఏం చేస్తాం అంటున్నాను."

"నువ్వు ఎటు ఓటేస్తావు నాన్నా?"

ఆయన చేతిలోది సంచీలో పెట్టాడు. "ఇంకా పదహారు రోజులుందిగా."

"పదహారు రోజులు ఆలోచించేటంత ఉందా? నేను నీ కూతుర్ని!"

"అందుకే ఆలోచిస్తున్నాను," అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మెట్లమీద ఆయన బూట్ల చప్పుడు కిందికి దిగిపోయేదాకా తల్లీ కూతుళ్ళిద్దరూ వింటూ నిలబడ్డారు.

"ఫిర్యాదు పెట్టారుగా మీవాళ్ళు? తీసేయిస్తారేమో," అంది తల్లి మెల్లిగా.

"పెట్టారు. విచారణ ఓట్లయిన వారానికి పెట్టారు." కూతురు ఎర్రబడ్డ కళ్ళని మోచేత్తో తుడుచుకుంది. "నాలుగింటికి మావాళ్ళ ఆఫీసుకి రా. కొత్త వీడియో తీస్తారట. వాళ్ళేం చెప్పమంటే అది చెప్పు. ఈసారి నీ సొంత మాటలు ఒక్కటి కూడా కలపకు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

*

వీధిలో అందరూ ఆ తల్లిని కళ్ళజోళ్ళమ్మ అంటారు. పంతొమ్మిదేళ్ళ షాపు. ఎవరి ముక్కు ఎటు వంకరో, ఎవరి చెవి ఎంత కిందికుందో ఆవిడకి చేతివేళ్ళకే తెలుసు. ఫ్రేము వేడిచేసి కాడ వంచి పెట్టిందంటే తలకిందులుగా వేలాడినా జోడు జారదని పేరు.

ఆరోజు తలుపు తియ్యగానే పెద్ద టీచరు వచ్చింది. రిటైరై పదేళ్ళయింది. ముక్కుమీద జోడు నిలవట్లేదని చెప్పి స్టూలుమీద కూర్చుంది గానీ, వచ్చింది అందుకు కాదని కూర్చున్న తీరులోనే తెలిసిపోయింది. కళ్ళజోళ్ళమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"చూశానమ్మా. ఆ ముఖం చూసి బస్సెక్కకుండా అలాగే నిలబడిపోయాను. ఎంత బాధపడి ఉంటావో."

"అది నేను వాళ్ళకి చెప్పింది కాదండీ," అంది కళ్ళజోళ్ళమ్మ. "చెప్పిందాంట్లోంచి ఒక ముక్క కత్తిరించుకున్నారు. నేను 'కావాలి' వైపే మాట్లాడాను."

"అవునా?"

"అవునండీ. ఏడ్చిన మాట నిజమే. తర్వాత సర్దుకున్నాను. ఇప్పుడు ఆ అమ్మాయి మా ఇంటి మనిషే. మా అమ్మాయికి జ్వరమొస్తే మందిచ్చేది, నాకు నడుం పట్టేస్తే బండిలో ఆస్పత్రికి తీసుకెళ్ళేది ఆ పిల్లే. వాళ్ళిద్దరికీ పెళ్ళయితే నాకు సంతోషమే."

పెద్ద టీచరు ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది. పిల్లాడు పాఠం తప్పు చదివితే తిట్టకుండా జాలిపడే చూపు.

"ఎంత మంచి మనసమ్మా నీది! కన్నకూతురు కదా, కాదనుకోలేక దిగమింగుకున్నావు. ఇలా దిగమింగుకోవాల్సిన గతి ఇంకెవరికీ రాకూడదనే కదా వాళ్ళూ అనేది."

"దిగమింగుకోవడం కాదండీ..."

"నాకు తెలుసులే తల్లీ. నువ్వేం చెప్పక్కర్లేదు. నా ఓటు నీ కోసమే వేస్తాను. 'వద్దు' అనే వేస్తాను."

కళ్ళజోళ్ళమ్మ చేతిలో టీచరు జోడు ఉంది. కాడ వంచుతున్న వేళ్ళు ఆగిపోయాయి. ఇంకేం చెప్పాలి? నవ్వితే బాధ కప్పిపుచ్చుకుంటున్న నవ్వంటారు. కోప్పడితే గుండెలో మంట అంటారు. ఏ మాటన్నా వెళ్ళి ఆ గోడమీది ముఖం కిందే చేరుతోంది. జోడు తుడిచి టీచరు ముక్కుమీద పెట్టి, చెవుల వెనక వేళ్ళు పోనిచ్చి చూసింది.

"ఇప్పుడు సరిపోయిందా అండీ?"

"అద్దంలా కనబడుతోందమ్మా," అంది పెద్ద టీచరు వీధికేసి చూస్తూ. ఎదురుగా గోడమీద కళ్ళజోళ్ళమ్మ నేలచూపులు చూస్తోంది.

మధ్యాహ్నం ఇంకొకతను వచ్చాడు. పోయినవారం లెన్సులకి డాక్టరు చీటీ ఇచ్చి వెళ్ళినవాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే చెయ్యి చాపి, "నా చీటీ ఇచ్చెయ్యండి. ఇంకోచోట చేయించుకుంటాను," అన్నాడు.

"రేపటికల్లా అయిపోతాయి బాబూ. ఏమైంది?"

"నేనూ మా అమ్మని ఏడిపించినవాణ్ణే అండీ," అన్నాడతను. అతని గొంతులో కోపం కూడా లేదు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

*

మూడున్నరకి స్కూటరు వేసుకుని వచ్చింది ఆ పిల్ల. అంబులెన్సు నడుపుతుంది. కూతురితో కలిసి ఒకే ఇంట్లో రెండేళ్ళుగా ఉంటోంది. డ్యూటీ చొక్కా కూడా మార్చుకోలేదు.

"ఎక్కండి ఆంటీ. నా బండిలో కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళు మీరొక్కరే. మిగతావాళ్ళంతా పడుకునే వస్తారు."

కళ్ళజోళ్ళమ్మకి నవ్వొచ్చింది. ఆరోజుకి అదొక్కటే నవ్వు. వెనక కూర్చుని ఆ పిల్ల భుజంమీద చెయ్యి వేసింది. రెండు మలుపులు తిరిగాక, గాలిలో కలిసిపోతుందన్న ధైర్యంతో అడిగింది:

"నామీద కోపంగా లేదుటే నీకు?"

"ఎందుకూ?"

"ఏడ్చానని."

ఎర్రదీపం పడింది. స్కూటరు ఆగింది. ఆ పిల్ల వెనక్కి తిరగకుండానే అంది: "మీరు రెండు రోజులే ఏడ్చారని విని నేను ఆశ్చర్యపోయాను ఆంటీ. మా అమ్మకి నాలుగేళ్ళయినా ఏడవడం ఇంకా అవ్వలేదు."

పచ్చదీపం వెలిగింది. స్కూటరు కదిలింది.

*

టైర్ల షాపు మీద రెండు గదులు. మెట్లెక్కుతుంటేనే రబ్బరు వాసన. లోపల గోడంతా కాగితాలు అంటించి ఉన్నాయి. ఒక్కో కాగితం మీద ఒక్కో మాట. హక్కు. ప్రేమ. సమానం. కుటుంబం. తోడు. కొన్నింటిని ఎర్రసిరాతో కొట్టేశారు.

అక్కడ అందరూ ఒకావిణ్ణి మాటలావిడ అంటారు. ఏ మాటంటే జనం ఎటు ఒరుగుతారో కనుక్కోవడం ఆమె పని. నలభై దాటి ఉంటాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, నిద్రలేక కళ్ళకింద నల్లబడి ఉంది. జోడు ఎడమవైపు కిందికి జారి ఉంది. కళ్ళజోళ్ళమ్మ చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్ళబోయి ఆగింది.

"మీ అమ్మాయి క్లాసు అయ్యాక వస్తుంది. ఈలోపల మనం మొదలెడదాం," అంది మాటలావిడ.

"ప్రేమని కూడా కొట్టేశారేం మేడం?"

"ముప్ఫై దాటినవాళ్ళు ప్రేమని నమ్మరండీ. పన్నెండు గదుల్లో జనాన్ని కూచోబెట్టి ఒక్కో మాటా వినిపించి చూశాం. 'హక్కు' అనగానే చేతులు కట్టుకుంటారు. 'తోడు' అంటే ముందుకి వంగుతారు."

"నా పొడుగు వీడియోనే మళ్ళీ చూపించకూడదూ? అందులో అంతా ఉందిగా."

"ఉందండీ. దాన్ని చూసింది నాలుగు వందలమంది. గోడని చూసింది ఊరంతా."

"పోనీ, బాధతో ఏడవలేదని చెబుతాను."

మాటలావిడ తల అడ్డంగా ఊపింది. "మీరలా అంటే జనానికి వినబడేది బాధ, ఏడుపు. ఆ చివర 'లేదు' అన్నది ఎవరి చెవికీ ఎక్కదు. వాళ్ళ మాటని కాదంటే వాళ్ళ మాటే ఇంకోసారి చెప్పినట్టు. ఆ కన్నీళ్ళని తుడవలేం. వాటి అర్థం మార్చాలి."

ఒక కాగితం ముందుకు జరిపింది. పెద్ద అక్షరాల్లో రెండే వాక్యాలున్నాయి.

"అవి ఆనందబాష్పాలు. నా బిడ్డకి జీవితాంతం తోడు దొరికిందని వచ్చిన కన్నీళ్ళు."

కళ్ళజోళ్ళమ్మ రెండుసార్లు చదువుకుంది.

"ఇది నిజం కాదు మేడం."

"మరి నిజమేమిటి?"

"సిగ్గేసింది. షాపుకొచ్చేవాళ్ళ ముఖం ఎలా చూడాలా అని ఏడ్చాను. దానికోసం కాదు, నాకోసం ఏడ్చాను. మా ఆయన సెలవు పెట్టి పక్కన కూర్చున్నారు. ఆయనతో..."

ఆగిపోయింది. ఆయనతో ఏమందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రెండోరోజు సాయంత్రం, గది తలుపు వేసుకుని, దిండులో ముఖం పెట్టుకుని అంది: "ఇది కడుపులోనే పోయినా బాగుండేదండీ." ఆయన లేచి కిటికీ మూసి వచ్చాడు. ఆ మాట ఆయనొక్కడే విన్నాడు.

మాటలావిడ రెట్టించలేదు. కాసేపు కాగితం అంచులు సర్దుతూ కూర్చుంది.

"నాకూ ఇంట్లో ఒకావిడ ఉందండీ," అంది. "పదకొండేళ్ళు. పోయినేడాది ఆవిడకి ఆపరేషనైతే బంధువులే రావాలన్నారు. మూడు రోజులు ఆస్పత్రి గేటు బయట నిలబడ్డాను. ఆ కథ గోడమీద వేద్దామని మొదట నేనే అనుకున్నాను. పన్నెండు గదుల్లోనూ చెప్పి చూశాం. జనం అయ్యో అన్నారు. జాలిపడ్డారు. ఓటు మాత్రం వెయ్యం అన్నారు. నా కథని నేనే కొట్టేశాను, ఎర్రసిరాతో."

కళ్ళజోళ్ళమ్మ ఈసారి చెయ్యి ఆపుకోలేకపోయింది. ఆమె జోడు తీసి, ఎడమకాడ చూపుడువేలితో కొంచెం లోపలికి వంచి, మళ్ళీ పెట్టింది. మాటలావిడ కళ్ళు మూసుకుని పెట్టించుకుంది.

"ఎంతమంది మారతారు, నేనిది చెబితే?"

"నూటికి ముగ్గురు. నలుగురేమో. మనం వెనకబడింది కూడా అంతే."

*

లైట్లు ముఖంమీద పడ్డాయి. మొదటిసారి బడిపిల్ల అప్పజెప్పినట్టు చెప్పింది. రెండోసారి 'జీవితాంతం' దగ్గర నాలుక తడబడింది. కెమెరామన్ జోడు తీసెయ్యమన్నాడు, అద్దాల్లో లైటు కనబడుతోందట. జోడు తీసేస్తే ఎదురుగా ఉన్న కాగితం అలుక్కుపోయింది. కంఠస్థం చెయ్యాల్సొచ్చింది.

"కొంచెం నవ్వండమ్మా."

నవ్వింది.

"అంత కాదు."

ఏడోసారి గొంతు ఎండిపోయింది. మంచినీళ్ళు తాగింది. గది వెనకాల గోడకానుకుని ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడి ఉంది. జోడు లేకపోతే ఆ పిల్ల ముఖం మసకే.

తొమ్మిదోసారి, ఎందుకో తెలీదు, నీళ్ళంటే భయం పోయి చెయ్యి వదిలేసి తేలిన ఆ పిల్లాడు గుర్తొచ్చాడు. ఇవాళ వాడు రాలేదు. కొలను గట్టుమీద వాడికోసం తన కూతురు గేటుకేసి చూసి ఉంటుంది.

"అవి... ఆనందబాష్పాలు," అంది. కళ్ళలోంచి నీళ్ళు జారిపోతున్నాయి. "నా బిడ్డకి జీవితాంతం తోడు దొరికిందని... వచ్చిన కన్నీళ్ళు."

కెమెరామన్ ముక్కు ఎగబీల్చాడు. మాటలావిడ మెల్లిగా, "చాలండీ," అంది. "ఇక అక్కర్లేదు."

కళ్ళజోళ్ళమ్మ తడుముకుని జోడు పెట్టుకుంది. అప్పుడు కనబడింది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. జుట్టింకా తడిగా ఉంది. సంచీ భుజంమీంచి మోచేతిలోకి జారిపోయింది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరూ చూడలేదు.

*

మెట్ల దగ్గర పట్టుకుంది తల్లిని. పట్టుకోవడం కాదు, చుట్టేసుకుంది. తడిజుట్టు తల్లి చెంపకి చల్లగా తగిలింది.

"ఎందుకు చెప్పలేదే అమ్మా నాకు?"

"ఏమిటి?"

"ఆ రెండు రోజులూ మీ గది తలుపు బయటే కూర్చున్నాన్నేను. ఏడుపు వినబడేది, మాటలు వినబడేవి కాదు. నావల్ల నువ్వు చచ్చిపోతావేమో అనుకున్నాను. రెండేళ్ళబట్టి అదే నా గుండెల్లో రాయిలా ఉంది. పోస్టరు చూసినప్పుడల్లా, నిజమేగా, ఏడిపించానుగా అనుకున్నాను. పొద్దున్న నీమీద అరిచింది కూడా అందుకే." నవ్వుతోంది, ఏడుస్తోంది. "ఇప్పుడా చెప్పడం? అదీ కెమెరాకి?"

తల్లి నోరు తెరిచింది. కాదే, అది రాసిచ్చారే, చదివానే అనాలి. మూడు మాటలు. పైమెట్టుమీద ఆ పిల్ల ఆగిపోయి చూస్తోంది. కళ్ళజోళ్ళమ్మ ముఖంలో ఏం కనబడిందో ఏమో, మెల్లిగా తల పక్కకి తిప్పుకుంది. ఆ పిల్లకి అర్థమైపోయింది.

"అమ్మా, నిజమేగా? కాస్తయినా నిజమేగా?"

కూతురి కళ్ళు రెండేళ్ళలో ఎప్పుడూ లేనంత తేటగా ఉన్నాయి. తల్లి ఆ తడిజుట్టు సర్దింది. "ఇంటికెళ్దాం పదవే," అంది. అవుననలేదు. కాదనలేదు.

కూతురు దాన్ని అవుననే తీసుకుంది.

"ఉండు, నాన్నకి చెబుతాను. అబద్ధం రాయలేదుగా అన్నాడుగా పొద్దున్న!" అని ఫోను తీసి, అందరికీ వినబడేలా పెట్టింది.

"ఇప్పుడొద్దే. పనిలో ఉంటారు," అంది తల్లి. చెయ్యి చాపింది. అప్పటికే ఆయన ఎత్తాడు. ఏదో పెద్ద భవనంలో లిఫ్టు గొయ్యి అడుగున ఉన్నట్టున్నాడు. గొంతు గుంయిమంటోంది.

"నాన్నా! అమ్మ ఎందుకేడ్చిందో నాకిప్పుడు తెలిసింది. నువ్వు గదిలోనే ఉన్నావుగా, నీకు మొదట్నుంచీ తెలుసుగా? నాకెందుకు చెప్పలేదు?"

అవతల ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు. పాన కింద పెట్టినట్టున్నాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"నాన్నా? వినబడుతోందా?"

"వినబడుతోంది."

"చెప్పు మరి. ఎందుకేడ్చింది?"

తల్లి మెట్ల కమ్మీ పట్టుకుంది. కింద టైర్ల షాపులో ఎవరో గాలి కొడుతున్నారు. అది ఆగి, మళ్ళీ మొదలైంది.

"మీ అమ్మ నీకేం చెప్పింది?" అన్నాడు తండ్రి.

కూతురు ఫోను అలాగే పట్టుకుని, నెమ్మదిగా తల్లివైపు తిరిగింది.